బద్ద వంపు, తెర మీది వంపు



యానాంలో గోదావరి గట్టు మీద గానీ, ఒడిశా గోపాలపూర్ ఇసుకలో గానీ, పులికాట్ సరస్సు ఒడ్డున గానీ మరమ్మతు కోసం పైకి లాగి ఉంచిన చెక్క నావను మీలో చాలామంది చూసే ఉంటారు. ఈసారి అలాంటిది కనిపిస్తే ఒక చిన్న పని చేసి చూడండి. అణియం దగ్గర, అంటే ముందు కొన దగ్గర, పలక మీద అరచెయ్యి ఆనించండి. అక్కణ్ణించి అమరం వైపు, అంటే వెనక్కి, చెయ్యి తియ్యకుండా మెల్లగా నడవండి. ముందు కత్తి అంచులా నిటారుగా ఉన్న ఒళ్లు నడుమకు వచ్చేసరికి కుండ పొట్టలా గుండ్రమవుతుంది. వెనక్కి పోయేకొద్దీ మళ్లీ సన్నబడుతుంది. ఇంత మార్పు జరిగినా, అది ఎక్కడ మొదలైందో మీ అరచెయ్యి పట్టుకోలేదు. పలకల అతుకులు తగులుతాయేమో గానీ వంపులో ఎక్కడా తడబాటు తగలదు.

ఆ నావ కట్టిన మేస్త్రీ దగ్గర చాలావరకు కాగితం మీద బొమ్మ ఉండి ఉండదు. కొలత కర్ర, తాడు, ఒక సన్నని చెక్క బద్ద, తండ్రి దగ్గర నేర్చుకున్న లెక్క, వీటితోనే ఆ రూపం తీర్చాడు. ఈనాడు అదే పని కంప్యూటరు తెర మీద జరుగుతోంది. నేను డ్రాయింగు బల్ల దగ్గర మొదలుపెట్టి కంప్యూటరు దగ్గరికి వచ్చినవాణ్ణి. ఈ రెండింటికీ ఉన్న చుట్టరికం ఏమిటో, కంప్యూటరు ఎక్కడ సాయం చేస్తుందో, ఎక్కడ మనల్ని పడేస్తుందో ఈ ప్రసంగంలో చెబుతాను.

ముందు బద్ద సంగతి. పొడుగైన వెదురు బద్దనో, గంటు లేని చెక్క బద్దనో తీసుకుని, నాలుగైదు చోట్ల మేకుల మధ్య ఆనించి వంచండి. మేకుకూ మేకుకూ మధ్య అది ఎలా వంగాలో మీరు చెప్పనక్కర్లేదు. తనకు అతి తక్కువ శ్రమ కలిగే దారిని అదే వెతుక్కుంటుంది. మీరు ఒక మేకును తప్పు చోట కొట్టారనుకోండి, బద్ద అక్కడ ఎదురు తిరుగుతుంది. ఆ మేకు తీసేస్తే టక్కున తన దారికి తను వస్తుంది. ఓడలు గీసేవాళ్లు వందల ఏళ్లు ఇదే చేశారు. కాగితం మీద మేకులు కొట్టలేరు గనక, సీసంతో చేసిన బరువులు పెట్టి బద్దను నిలిపేవారు. ఆ బరువుల ఆకారాన్ని బట్టి వాటికి ఇంగ్లీషు నౌకాశాలల్లో బాతులని పేరు. బద్దను స్ప్లైన్ అనేవారు.

చిన్న కాగితం మీద గీసిన గీతలో తప్పు కనపడదు. బొమ్మను 25 రెట్లు తగ్గించి గీస్తే, మిల్లీమీటరులో మూడో వంతు మందం ఉన్న పెన్సిలు గీత అసలు ఓడ మీద సుమారు 8 మిల్లీమీటర్ల మందమవుతుంది. అందుకని ఓడల కార్ఖానాల్లో పెద్ద హాలు నేలకు నల్లరంగు పూసి, ఓడ రూపాన్ని అసలు కొలతలోనే సుద్దతో గీసేవారు. మనుషులు మోకాళ్ల మీద పాకుతూ బద్దలు సర్దేవారు. కొంత గీసి, నేల మీద పడుకుని, ఒక కన్ను మూసి, వంపు వెంబడి చూసేవారు. ఎదురుగా నిలబడితే కనపడని గుంట అలా వారగా చూస్తే కనపడుతుంది. విశాఖపట్నం నౌకాశాల 1941లో మొదలైంది. అక్కడ కట్టిన జల ఉషను 1948లో నెహ్రూ జలప్రవేశం చేయించారు. ఆ తరం ఓడల రూపాలన్నీ ఇలా నేల మీద తీర్చినవే.

ఇప్పుడు గణితం సంగతి. భయపడకండి, బడిపిల్లలకు వచ్చినంత చాలు. 1946లో షోన్‌బర్గ్ అనే గణితవేత్త ముక్కలు ముక్కలుగా అతికి, అతుకు దగ్గర తడబడని ఒక రకం వంపుల గురించి రాస్తూ, వాటికి ఓడ గీసేవాళ్ల బద్ద పేరే పెట్టాడు. స్ప్లైన్ అనే మాట అలా చెక్క నుంచి లెక్కలోకి వచ్చింది. తర్వాత ఫ్రాన్సులో కార్ల కంపెనీలు అందుకున్నాయి. సిట్రోయెన్‌లో 1959 నాటికి ద కాస్టెల్జో ఒక పద్ధతి కనిపెట్టాడు. కంపెనీ దాన్ని రహస్యంగా ఉంచుకుంది. రెనోలో బెజియే 1960లలో అదే చోటికి వేరే దారిన చేరి, బయటపెట్టాడు. అందుకే ఆ వంపుకు బెజియే పేరు స్థిరపడింది.

మీ దగ్గర కాగితం, పెన్సిలు ఉంటే ఈ వంపును ఇప్పుడే గీయవచ్చు. నాలుగు చుక్కలు పెట్టండి. మొదటిది ఎడమవైపు కింద, రెండోది దానికి నేరుగా పైన, మూడోది పైనే కుడివైపు, నాలుగోది కుడివైపు కింద. వరసగా కలిపితే మూడు గీతలు, తలుపు చట్రంలా వస్తాయి. ఒక్కో గీతకు సరిగ్గా మధ్యన చుక్క పెట్టండి, మూడు చుక్కలు వచ్చాయి. వాటిని కలిపితే రెండు గీతలు. వాటి మధ్యన మళ్లీ చుక్కలు పెట్టి కలిపితే ఒక్క గీత. దాని మధ్యన పెట్టిన చుక్క ఉంది చూశారూ, మన వంపు దాని మీదుగా పోతుంది. సగానికి బదులు మూడో వంతు దగ్గర, ముప్పావు దగ్గర ఇలాగే చేస్తే వంపు మీద మరిన్ని చుక్కలు దొరుకుతాయి. అన్నీ కలపండి, తోరణంలాంటి వంపు వస్తుంది. అది మొదటి చుక్కనూ చివరి చుక్కనూ తాకుతుంది. నడుమనున్న రెండింటినీ మాత్రం తాకదు. అవి దూరం నుంచి దాన్ని తమవైపు లాగుతుంటాయి, అంతే. ఒక చుక్కను జరిపితే వంపు మెత్తగా జరుగుతుంది.

పడవ ఒంటికి ఒక్క వంపు చాలదు. వంపుల అల్లిక కావాలి. ఇది మీకు నేను చెప్పడం కంటే మీరు నాకు చెప్పదగ్గ విషయం, ఎందుకంటే అది అచ్చం వల. కంప్యూటరులో పడవ ఒంటి చుట్టూ ఒక వల వేలాడుతున్నట్టు ఊహించుకోండి. పొడుగునా కొన్ని తాళ్లు, అడ్డంగా కొన్ని తాళ్లు, కలిసిన చోట ముడులు. అసలు తలం ఆ వలకు లోపల, ముడుల లాగుడుకు లోబడి ఉంటుంది. మౌస్‌తో ఒక ముడిని పట్టి బయటికి లాగితే తలం అక్కడ ఉబ్బుతుంది, లోపలికి తోస్తే తగ్గుతుంది. దూరాన ఉన్న భాగం కదలదు. చెక్క బద్దకూ దీనికీ మొదటి తేడా ఇదే. బద్దను ఒకచోట నొక్కితే ఆ చివరిదాకా తెలుస్తుంది. తెర మీద వంపు పక్కవాడి గొడవ పట్టించుకోదు.

1980లలో ఆస్ట్రేలియాలో పుట్టిన మాక్స్‌సర్ఫ్, 1998లో అమెరికాలో విడుదలైన రైనో, తర్వాత నెదర్లాండ్స్‌లో ఒకరు తయారుచేసి ఉచితంగా పంచిన ఫ్రీషిప్, దాని వెంట వచ్చిన డెల్ఫ్ట్‌షిప్, ఇవన్నీ లోపల లెక్క కొంచెం కొంచెం వేరైనా ఈ వల పద్ధతి మీదే నడుస్తాయి. పడవలో సగమే గీస్తాం. రెండో సగాన్ని అద్దంలో బొమ్మలా అదే చూపిస్తుంది.

కొత్తగా నేర్చుకునే కుర్రవాళ్లు అందరూ చేసే తప్పు ఒకటుంది. నేనూ చేశాను. ముడులు ఎన్ని ఎక్కువ ఉంటే రూపం అంత బాగా చేతికి వస్తుందనుకుంటారు. ఒకచోట గుంట కనిపిస్తే అక్కడ రెండు ముడులు పెంచి సరిచేస్తారు. దాని పక్కన ఉబ్బు తేలుతుంది. అక్కడ మరో రెండు. సాయంత్రానికి పడవ ఒళ్లు తడిసి ఎండిన అట్టముక్కలా తయారవుతుంది. చిన్న పడవకు పొడుగునా ఏడెనిమిది, నిలువునా నాలుగైదు ముడులు చాలు. బాతులు ఎంత తక్కువ పెడితే బద్ద అంత హాయిగా వంగుతుందని పాత డ్రాఫ్ట్స్‌మన్ చెప్పిన మాటకు తెర మీద కూడా మార్పు లేదు.

వంపు బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? బస్సులో డ్రైవరు వెనక సీటులో కూర్చుని స్టీరింగును చూడండి. మంచి మలుపులో అతను చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ పోయి, అంతే నెమ్మదిగా వెనక్కి తెస్తాడు. రోడ్డు సరిగ్గా వేయని చోట చక్రాన్ని ఒక్కసారిగా లాగాలి, లేదా ఎడమకూ కుడికీ సవరించుకుంటూ పోవాలి. రోడ్డు కంటికి ఒకేలా కనపడవచ్చు, స్టీరింగు మాత్రం దాచదు. కంప్యూటరు కూడా వంపు పొడుగునా ఆ స్టీరింగు ఎంత తిరిగిందో కొలిచి, దువ్వెన పళ్లలా గీతలు నిలబెట్టి చూపిస్తుంది. దాని పేరే దువ్వెన. పళ్ల కొనలు కొండవాలులా నున్నగా లేచి దిగితే వంపు బాగున్నట్టు. పళ్లు ఎగుడుదిగుడుగా ఉన్నా, కారణం లేకుండా అటువైపు నుంచి ఇటువైపుకు దాటినా, మీ చేతికి తగలబోయే తడబాటు అక్కడుంది. ఇంకో పరీక్ష కూడా ఉంది. తలం మీద నలుపు తెలుపు చారల నీడ పడినట్టు చూపిస్తుంది. కొత్త కారు మీద ట్యూబులైటు నీడ ఎలా పాకుతుందో గమనించారు కదా, సొట్ట ఉన్నచోట ఆ నీడ వంకర పోతుంది. అదే ఇది. నేల మీద పడుకుని ఒక కన్ను మూసి చూసిన మేస్త్రీ చూపునే ఈ దువ్వెన అంకెలుగా మార్చింది.

అయితే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆరు నాట్ల వేగంతో పోయే వేట పడవకు చిన్న చిన్న ఉబ్బుల వల్ల వచ్చే నష్టం పెద్దది కాదు. వేగంగా పోతూ నీటి మీదికి లేచి జారే మర పడవ సంగతి వేరు. దాని అడుగుభాగం వెనకవైపు కాస్త లోపలికి గుంట పడితే చాలు, పరిగెత్తేటప్పుడు ముక్కు కిందికి వంగుతుంది. కాస్త బయటికి ఉబ్బితే ముక్కు లేస్తూ పడుతూ ఎగిరెగిరి పోతుంది. అక్కడ వేలెడు తేడా లెక్కకు వస్తుంది.

గీతల తర్వాత లెక్కలు. కంప్యూటరు నిజంగా దణ్ణం పెట్టించుకునేది ఇక్కడ. పూర్వం పడవ బొమ్మను మూడు విధాల కోసి చూసేవారు. దోసకాయను చక్రాలు కోసినట్టు అడ్డంగా, నీటిమట్టాలకు సమంగా పొరలు పొరలుగా, పొడుగునా నిలువు పలకలుగా. ఒక కోతలో గీత మారిస్తే మిగతా రెండింటిలోనూ చెడేది. వాటిని సరిచేస్తే మొదటిది చెడేది. ఒక రూపం మూడు వైపుల నుంచీ ఒప్పుకునేసరికి వారాలు గడిచేవి. ఆ తర్వాత ఒక్కో చక్రం వైశాల్యం కొలిచి, వరసగా కూడి, పడవ ఎంత బరువు మోస్తుందో తేల్చేవారు. ఇప్పుడు ముడి జరుపుతుంటే పక్కన అంకె మారుతుంటుంది.

ఆ అంకె ఏమిటో ఒక పడవ తీసుకుని చూద్దాం. నీటిమట్టం దగ్గర పొడవు 8 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు, మునిగిన లోతు 40 సెంటీమీటర్లు. పెట్టె అయితే 6.4 ఘనపు మీటర్ల నీటిని తోసేది. పడవ పెట్టె కాదు, కొనలు సన్నం, అడుగు గుండ్రం. అందుకని పెట్టెలో 45 శాతం అనుకుందాం. 2.88 ఘనపు మీటర్లు అవుతుంది. ఘనపు మీటరు సముద్రపు నీరు సుమారు 1025 కిలోలు తూగుతుంది, మంచినీరు 1000 కిలోలు. అంటే ఈ పడవ సముద్రంలో పడవతో కలిపి సుమారు 2950 కిలోలు మోస్తే, అదే గీత దాకా మునిగి గోదావరిలో 2880 కిలోలే మోస్తుంది. తేడా దాదాపు ఒక మనిషి బరువు. యానాం దగ్గర నదిలోంచి సముద్రంలోకీ, సముద్రంలోంచి నదిలోకీ తిరిగే పడవకు ఇది పుస్తకంలో లెక్క కాదు. నిండుగా ఎక్కించుకుని నదిలోకి వచ్చిన పడవ నీటికి ఇంకాస్త దగ్గరవుతుంది.

మోసే బరువు కంటే ముఖ్యమైనది నిలకడ. పడవ పక్కకు ఒరిగితే తిరిగి లేచే శక్తి ఎక్కణ్ణించి వస్తుంది? ముఖ్యంగా నీటిమట్టం దగ్గరి వెడల్పు నుంచి. దీన్ని లెక్కగట్టే పద్ధతిని 1746లో ఫ్రెంచి పండితుడు బుగేర్ పుస్తకంగా రాశాడు. అంతకు నూరేళ్లు ముందు, 1628లో, స్వీడన్ రాజు కట్టించిన వాసా అనే యుద్ధనౌక మొదటి ప్రయాణంలో రేవు దాటకుండానే ఒక గాలి తెరకు ఒరిగి మునిగిపోయింది. పైన బరువెక్కువ, కింద చాలినంత వెడల్పు లేదు. బొమ్మలో అందం ఎంతుందో చెప్పనక్కర్లేదు, స్టాక్‌హోం మ్యూజియంలో ఈనాటికీ చూడవచ్చు.

ఈ వెడల్పు విషయంలో లెక్క చాలా కఠినం. మన 2 మీటర్ల పడవనే, బరువూ పొడవూ మార్చకుండా, 1.8 మీటర్లకు సన్నం చేశామనుకోండి. తగ్గించింది పదో వంతే. కానీ నీటిమట్టం ఇచ్చే పట్టు వెడల్పును మూడుసార్లు హెచ్చవేసిన లెక్కన మారుతుంది. 0.9ని 0.9తో, మళ్లీ 0.9తో హెచ్చవేయండి, 0.729 వస్తుంది. అంటే పట్టులో 27 శాతం పోయింది. తెర మీద సన్నటి పడవ కంటికి చాలా ఇంపుగా ఉంటుంది. వేగం లెక్క కూడా బాగానే చూపిస్తుంది. ఆ మోజులో రెండు మూడు ముడులు లోపలికి తోసినవాడికి ఏ హెచ్చరికా వినపడదు, చూడమని అడిగితే తప్ప.

అడిగినా ఇంకో చిక్కు ఉంది. నిలకడ లెక్కకు బరువు ఎంత ఎత్తున ఉందో కావాలి. అది పడవ రూపంలో ఉండదు. మనం చెప్పాలి. ఇంజను ఎంత, మంచు ఎంత, తడిసిన వల ఎంత, అది అడుగున ఉంటుందా, పైన కుప్పగా ఉంటుందా, మనుషులు కూర్చుంటారా, నిలబడతారా? ఎత్తు తప్పు చెబితే వచ్చే అంకె తప్పని కంప్యూటరుకు తెలియదు. మూడు దశాంశ స్థానాల దాకా చక్కగా అచ్చువేసి ఇస్తుంది.

ఇక నా తప్పు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక చిన్న యార్డు కోసం 6 మీటర్ల ప్లైవుడ్ పడవ గీశాను. అణియం దగ్గర కింద లోపలికి, పైన బయటికి విప్పారినట్టు, తామరరేకులా తీర్చాను. దువ్వెన చూశాను, చారలు చూశాను, వంక పెట్టడానికి లేదు. బొమ్మ తీసుకెళ్లి అక్కడి వడ్రంగి మేస్త్రీకి చూపించాను. గోదావరి జిల్లా మనిషి, అరవై దాటిన వయసు. బొమ్మను కాసేపు చూసి, "బొమ్మ బాగుందండి బాబూ. పలక ఒప్పుకోదండి" అన్నాడు. "లెక్క కుదిరింది మేస్త్రీ గారూ, వంచి చూడండి" అన్నాను. తొమ్మిది మిల్లీమీటర్ల పలకను ఒకవైపు బిగించి, మెల్లగా వంచుకొచ్చారు. ముప్పావు వంతు దాకా వచ్చింది. తర్వాత తుపాకి పేలినట్టు చప్పుడు. పలక మధ్యన చీలింది. ఆయన ఒక్క మాట అనలేదు. ఇంకో పలక ఖరీదు ఎవరు పెట్టుకుంటారని మాత్రం యార్డు యజమాని అడిగాడు. సగం నేను పెట్టుకున్నాను.

ఎందుకు చీలింది? శనగలు అమ్మే అతను కాగితాన్ని చుట్టి పొట్లం చేస్తాడు. కాగితం చిరగదు, ముడత పడదు. అదే కాగితాన్ని కుండ మీద పరిచి అతికించమనండి, ముడతలైనా పడాలి, చిరగనైనా చిరగాలి. పొట్లం ఒక దిక్కునే వంగుతుంది. మొదలు నుంచి కొనదాకా దాని మీద తిన్నని పుల్ల ఆనించవచ్చు. కుండ రెండు దిక్కులా వంగుతుంది. సాగని రేకును సాగదీయకుండా రెండు దిక్కులా వంచడం కుదరదని 1827లోనే జర్మన్ గణితవేత్త గౌస్ రుజువు చేశాడు. ప్లైవుడ్, ఇనుప రేకు, అల్యూమినియం రేకు పొట్లం జాతి రూపాలకే లొంగుతాయి. నా తామరరేకు కుండ జాతిది. సన్నని పలకలను ఒకదాని పక్కన ఒకటి చేర్చి కట్టే చెక్క నావలో అది కుదురుతుంది, ఎందుకంటే ఒక్కో పలక కొంచెం కొంచెం మెలి తిరిగి సర్దుకుంటుంది. ఫైబరులో ఇంకా సులువు, అచ్చులో పోసినట్టు ఏ రూపమైనా వస్తుంది. నేను తప్పు వస్తువు మీద మంచి రూపం గీశాను.

తలం మీద రెండు దిక్కుల వంపులనూ హెచ్చవేసి, ఎక్కడ సున్నా వస్తుందో, ఎక్కడ రాదో రంగులతో చూపించే సదుపాయం చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంది. సున్నా ఉన్నచోట రేకు ఒప్పుకుంటుంది. నేను ఆ మీట నొక్కలేదు. తర్వాత ఆ పడవను పొట్లం రూపంలో మళ్లీ గీశాను. అప్పుడు కంప్యూటరు ఆ తలాన్ని విప్పి, పలకను ఏ ఆకారంలో కొయ్యాలో చదునుగా పరిచి ఇచ్చింది. ఆ కాగితాన్ని పలక మీద అంటించి కోస్తే రెండు అంచులూ కలిశాయి. మేస్త్రీ అంచు మీద వేలు రాసి చూసి, తల ఊపి, పనిలో పడ్డాడు.

ఆ రోజు నుంచీ నేను శిష్యులకు చెప్పేది ఇదే. చెక్క ఎదురు చెబుతుంది. బద్ద ఎదురు చెబుతుంది. కంప్యూటరు చెప్పదు. ఏ ముడిని ఎంత లాగినా సరేనంటుంది. వద్దనే పని, చెక్క చేసిపెట్టే పని, ఇప్పుడు మన మీద పడింది.

ఫైబరు పడవల్లో ఈ బాధ్యత ఇంకా పెరుగుతుంది. అక్కడ ముందు ఒక నమూనా చేస్తారు. కంప్యూటరు బొమ్మలోంచి అడ్డకోతలు తీసి, వాటి ప్రకారం పలకలు కోసి నిలబెట్టి, పైన తాపడం చేసి, నునుపు పెడతారు. దాని మీద అచ్చు తీస్తారు. ఆ అచ్చులోంచి పడవలు తీస్తారు. చెక్క నావలో మేస్త్రీ చేసిన పొరపాటు ఆ ఒక్క నావతో పోతుంది. అచ్చులో పొరపాటు దిగితే ఎన్ని పడవలు తీస్తే అన్నింటిలోనూ ఉంటుంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చాక తమిళనాడు, ఆంధ్ర తీరాల్లో కొద్ది కాలంలోనే ఎన్నెన్నో కొత్త ఫైబరు పడవలు నీటిలోకి దిగాయి. ఉన్న పడవ మీదే అచ్చు తీసి మరో పడవ, దాని మీద ఇంకో అచ్చు, ఇలా తీసుకుంటూ పోతే మొదటి రూపం ఎవరిదో, దాని నిలకడ లెక్క ఎవరు కట్టారో తెలియకుండా పోతుంది. మీరు కొత్త పడవ కొనేటప్పుడు ఈ అచ్చుకు లెక్క కాగితం ఉందా, ఎంత బరువుకు, ఎంతమందికి కట్టారు అని అడగండి. అడగడానికి చదువుతో పని లేదు.

లెక్క తెలిసినవాళ్లు సముద్రం తెలిసినవాళ్లను అడిగి చేసిన మంచి ప్రయత్నాలూ ఉన్నాయి. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బంగాళాఖాత మత్స్య కార్యక్రమం, రేవు లేని చోట అలల్లోంచి నేరుగా ఇసుక మీదికి ఎక్కే మర పడవలను గీయించి, కట్టించి, తూర్పు తీరంలో జాలరుల చేత నడిపించి చూసింది. అలను దాటే పడవ రూపం బల్ల దగ్గర కూర్చుంటే తేలదని వాళ్లకు తెలుసు. మన మసూలా పడవ సంగతే చూడండి. మద్రాసులో రేవు లేని రోజుల్లో ఓడలోంచి మనుషులనూ సరుకునూ అలల మీదుగా ఒడ్డుకు చేర్చింది అదే. లోపల పక్కటెముకలు ఉండవు. పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టేస్తారు. ఇసుకకు తగిలినప్పుడు అది ఒళ్లు వంచి ఓర్చుకుంటుంది. తెర మీది తలం రాయిలా గట్టిదని అనుకుని మన లెక్కలన్నీ నడుస్తాయి. మసూలా పడవ గుణమంతా ఆ అనుకోనిదానిలోనే ఉంది.

ఇప్పుడు మీతో నాకున్న అసలు పని. యానాం పక్కనే ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. బర్మాలో తెలుగువాళ్లనే కోరంగీలని పిలిచేంత పేరు. 1839 తుపాను ఆ ఊరిని ముంచింది. అక్కడ కట్టిన ఓడల వంపులు కట్టినవాళ్ల చేతుల్లోనే ఉండి వాళ్లతోనే పోయాయి. ఈనాడు ఒడ్డున మిగిలిన చెక్క నావలు ఒక్కొక్కటే వంటచెరకు అవుతున్నాయి. వాటి రూపాన్ని పట్టుకోవడానికి ఇప్పుడు పెద్ద ఖర్చు లేదు. మీ ఊళ్లో పాలిటెక్నిక్ చదివే పిల్లవాడు ఒకడూ, నావ యజమానీ ఒప్పుకుంటే రెండు రోజుల పని.

నావను రసమట్టంతో చూసి అడ్డంగా సమంగా నిలబెట్టండి. అడుగు దూలం పక్కన కొన నుంచి కొనకు దారం బిగించి కట్టండి. ముసలి నావలకు కొనలు రెండూ కిందికి వాలి నడుము పైకి లేస్తుంది. ఆ వాలు ఎంతో దారం చెబుతుంది, తర్వాత తీసివేయవచ్చు. అరమీటరుకు ఒకచోట, గోడ కట్టేవాళ్లు నిలువు చూసే గుండు తాడు వేలాడదీసి, ఆ తాడు నుంచి నావ ఒంటికి ఎంత దూరమో పది సెంటీమీటర్ల ఎత్తుకు ఒకసారి కొలిచి రాయండి. కొనల దగ్గర ఇంకా దగ్గర దగ్గరగా కొలవండి. రెండు పక్కలా కొలవాలి. కుడి ఎడమలు రెండు మూడు సెంటీమీటర్లు తేడా ఉంటే కంగారుపడకండి, చేత్తో కట్టిన నావ అద్దంలో బొమ్మ కాదు. ఏ పక్క పలకలు మార్చారో యజమానిని అడిగితే ఏది పాత వంపో తెలుస్తుంది. ఈ కొలతల పట్టిక ఉంటే చాలు, కంప్యూటరులో చుక్కలుగా దించి, వాటి మీదికి వలను సర్దవచ్చు. ఇప్పుడు సెల్‌ఫోనుతో చుట్టూ తిరిగి వంద రెండు వందల ఫోటోలు తీసి, వాటి నుంచి రూపం తేల్చే పద్ధతీ వచ్చింది. నున్నగా రంగు వేసిన ఒంటి మీద అది తికమక పడుతుంది గనక సుద్దతో అక్కడక్కడ గుర్తులు పెట్టండి. టేపుతో కొలిచిన పొడవు ఒకటైనా ఉండాలి, లేకపోతే రూపం వస్తుంది గానీ సైజు తెలియదు.

కొలతల్లో దొరకనివి రెండున్నాయి. నిండు వలతో, చేపతో తిరిగి వచ్చేటప్పుడు నీరు ఎక్కడిదాకా వచ్చేదో యజమానిని అడిగి ఒంటి మీద గీత పెట్టించండి. అలాగే ఒక్కో భాగాన్ని మీ ఊళ్లో ఏమంటారో రాసుకోండి. గంజాం తీరంలో తెలుగు జాలరి ఒక పేరు చెబుతాడు, యానాంలో ఇంకొకటి, కాసిమేడులో ఇంకొకటి. ఏది సరైనదని వాదించకుండా మూడూ రాయండి. కొలిచిన తేదీ, ఊరు, ఏ చెక్కతో కట్టారో, కట్టిన మేస్త్రీ ఎవరో కూడా ఆ కాగితం మీదే ఉండాలి. మొదట చెప్పానే, అరచెయ్యి ఆనించి నడవమని, ఆ పని మాత్రం కొలవడానికి ముందే చేయండి. కొలతల్లో ఎక్కడ తప్పు రాశారో తర్వాత తెర మీద దువ్వెన చూపించినప్పుడు, తప్పు కాగితానిదో నావదో మీ చేతికి గుర్తుంటుంది.